భివండి వెళ్లొచ్చిన పెద్దనాయన

పెద్దనాయన పోయిన పదకొండో రోజు. బంధువులకు వేయడానికి చాపలు కావాలంటే వాళ్లింటి వెనక గదిలో వెతుకుతున్నాను. అటక మీది చాపల చుట్ట లాగగానే దాని వెంట ఒక నూలు చిలప, అంటే చుట్టి కట్టిన దారపు కట్ట, జారి నా భుజం మీద పడింది. ఎన్నేళ్ల కిందటిదో, బిరుసెక్కి, దుమ్ము పట్టి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వాసన పోలేదు. బూడిద, నూనె, ఎండ కలిసిన వాసన.

అది తేలియా రుమాలు నూలు. ఆముదపు కాయల పొట్టును కాల్చి, ఆ బూడిదను నీళ్లలో కలిపి వడకట్టి, ఆ నీళ్లకు నూనె చేర్చి, నూలును అందులో వేసి పిసకాలి. ఎండలో ఆరేయాలి. మళ్లీ పిసకాలి, మళ్లీ ఆరేయాలి. ఇలా ఎన్నో రోజులు చేస్తే తప్ప ఆ ఎరుపు, ఆ నలుపు దారానికి పట్టవు. ఒకప్పుడు అరబ్బు దేశాల వాళ్లు తలకు చుట్టుకున్న గుడ్డ అది. మా పక్క ఊరు పుట్టపాక పేరుతో 2020లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అప్పటికే మా వాడకట్టులో ఆ పని తెలిసిన చేతులు రెండో మూడో మిగిలాయి. వాటిలో ఒకటి పెద్దనాయనది.

ఆయనకూ మాకూ రక్తసంబంధం లేదు. మా నాయన ఆయనను ‘అన్నా’ అని పిలిచేవాడు కాబట్టి మాకు పెద్దనాయన. రంగులు వేసేవాడు కాబట్టి రంగుల పెద్దనాయన. ఆయన వేళ్ల గోళ్ల చుట్టూ ఎరుపు ఎప్పుడూ ఉండేది. పండగనాడు పసుపు బట్టలు కట్టుకున్నా ఆ ఎరుపు పోయేది కాదు. చితి మీద పడుకోబెట్టినప్పుడు కూడా నేను చూసింది ఆ గోళ్లనే.

చిలప పట్టుకొని అక్కడే కూలబడ్డాను. గుమ్మంలోకి ఆయన కొడుకు వచ్చి, “చాపలు దొరికాయా అన్నా” అన్నాడు. నా కళ్లు చూసి, తల దించుకొని వెనక్కి వెళ్లిపోయాడు. ఈ జ్ఞాపకాలు రాయమని తర్వాత నన్ను అడిగింది ఆ కొడుకే. పేర్లు మాత్రం వద్దన్నాడు.

*

మా చిన్నప్పుడు తెల్లవారుజామున వీధిలో పడుగులు పట్టేవారు. వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా దారాలు బిగించి కట్టి, గంజి పెట్టి, కుంచెతో దువ్వేవారు. సూర్యుడు వేపచెట్టు దాటి పైకి రాకముందే పని అయిపోవాలి. ఎండ ఎక్కితే గంజి ముందే ఆరి దారాలు పెళుసెక్కుతాయి. పడుగుకు అటొకరు, ఇటొకరు నడుస్తూ దువ్వుతారు. మా నాయన, పెద్దనాయన ఎప్పుడూ జంట. గంజి కుండ మోసే పని నాది.

మగవాళ్లు మనసులో మాట చెప్పుకోవడం నేను జీవితంలో మొదట చూసింది ఆ పడుగు దగ్గరే. అరుగు మీద కూర్చుంటే వానల గురించి, సొసైటీ ఎన్నికల గురించి, ఎవరి పొలంలో బోరు పడింది, ఎవరి బోరు ఎండిపోయింది అనే సంగతుల గురించి మాట్లాడేవారు. పడుగు దగ్గర మాత్రం ఇద్దరి కళ్లూ దారాల మీద, ఇద్దరి చేతులూ కుంచెల మీద. ఒకరి ముఖం ఒకరు చూడనవసరం లేదు. “మొన్న ఆడపిల్లను చూసుకోవడానికి వచ్చినవాళ్లు మళ్లీ కబురు పెట్టలేదు అన్నా” అని నాయన దారాలకు చెప్పినట్టు చెప్పేవాడు. పెద్దనాయన రెండు అడుగులు నడిచాక, “పెడతారులే” అనేవాడు. అంతే. నాయన నడకలో ఆ రోజంతా ఒక తేలిక ఉండేది.

పెద్దనాయన భివండి కథలు కూడా అక్కడే వినేవాణ్ని. పెళ్లికి ముందు ఆయన కొన్ని నెలలు భివండి వెళ్లి వచ్చాడు. మా వాళ్లు బతుకుతెరువుకు షోలాపూరు, భివండి, సూరత్ వెళ్లడం మామూలే కాబట్టి ఎవరూ వింతగా చూడలేదు. అక్కడ పొడుగాటి వరండా ఉంటుందని, రాత్రంతా ఒక దీపం వెలుగుతూనే ఉండేదని, సాయంత్రం పూట పెద్ద చెట్టు కింద వరుసగా కూర్చునేవాళ్లమని చెప్పేవాడు. “బొంబాయి దగ్గరే కదా, సముద్రం చూశావా పెద్దనాయనా” అని అడిగాను ఒకసారి. “లేదురా, బయటికి పోనివ్వలేదు” అన్నాడు. మిల్లు యజమాని చాలా కఠినమైనవాడు కాబోలు అనుకున్నాను.

*

మగ్గం చప్పుడును బట్టి అది ఎవరి ఇంటి మగ్గమో మా వాడలో పిల్లలందరం చెప్పేసేవాళ్లం. ఒకరిది పరుగు, ఒకరిది నడక. మా నాయనది వరుస తప్పని చప్పుడు. తాడు లాగితే నాడె ఇటు నుంచి అటు పోయి తగిలే టక్కు, పోగును దగ్గరికి కొట్టే అచ్చు పడే దబ్బు, మళ్లీ టక్కు. నేను ఎక్కాలు ఆ చప్పుడుకే వల్లె వేశాను.

ఒక ఏడాది, దసరా పోయిన తర్వాత, ఆ చప్పుడు మారింది. నాలుగు పోగులు వేసి ఆగేవాడు. మళ్లీ రెండు. కొన్నాళ్లకు పూర్తిగా ఆగిపోయింది. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకొని, చెక్కల మీద పాదాలు ఆనించి, అలా కూర్చొని ఉండేవాడు. నేను బడికి వెళ్లేటప్పుడు ఎలా ఉన్నాడో వచ్చేసరికి అలాగే. గుడ్డ జానెడు కూడా పెరిగేది కాదు.

నూలు ధర పెరగడం నిజం. నేసిన చీరలకు రావాల్సిన డబ్బు నెలల తరబడి రాకపోవడం నిజం. అయితే అలాంటి కరువులు మా ఇంట్లో అంతకుముందూ వచ్చాయి. అప్పుడు నాయన తిట్టుకుంటూ, అరుస్తూ, అప్పు చేస్తూ ఈదుకొచ్చాడు. ఈసారి తిట్టడం కూడా లేదు. అన్నం ముందు కూర్చుంటే ముద్ద చేతిలోనే ఉండిపోయేది. తెల్లవారుజామున మూడింటికి లేచి, వాకిట్లో అటూ ఇటూ తిరిగేవాడు. ఆ చెప్పుల చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఎన్నడూ చేయి ఎత్తని మనిషి ఒక రాత్రి చారులో ఉప్పు తక్కువైందని కంచం విసిరికొట్టాడు. కొట్టిన తర్వాత దానిని తీయడానికి వంగి, వంగినవాడు లేవలేకపోయాడు. అమ్మ వెళ్లి పక్కన కూర్చుంది. నేను నిద్ర నటించాను.

అడిగినవాళ్లకు నడుము నొప్పి అని చెప్పేవాడు. మా జిల్లాలో నొప్పి అంటే ఎవరూ రెండో ప్రశ్న వేయరు. ఫ్లోరైడు నీళ్లతో వంగిపోయిన నడుములు, వంకర తిరిగిన కాళ్లు మర్రిగూడ, నాంపల్లి వైపు ఎంతమందివి చూశామో లెక్కలేదు. కాబట్టి నాయనదీ ఆ నొప్పే అనుకున్నారు. ఎక్స్‌రే తీయించారు. ఎముకలు బాగున్నాయన్నారు. అప్పుడు ముసలమ్మలు తేల్చిన మాట ‘మనాది’.

మనాది. మా తెలంగాణ మాట. దిగులు ఉంది అందులో, తెగని ఆలోచన ఉంది, లోపల్లోపల కాగిపోవడం ఉంది. ఇంత సరైన మాట మరే పుస్తకంలోనూ నాకు దొరకలేదు. కానీ ఆ మాట అనేశాక ఇంక చేయడానికి ఏమీ లేనట్టు అందరూ నిట్టూర్చి లేచేవారు. మనాదికి మందు లేదన్నది మా వాళ్ల నమ్మకం. మగవాడి మనాదికి అయితే ఒక బోధ కూడా తయారుగా ఉండేది: “మగవాడివై ఉండి ఇట్లా కూర్చుంటే ఇల్లు ఎట్లా గడుస్తుంది?” ఆ మాట అన్నవాళ్లంతా మంచివాళ్లే. మా ఇంటికి బియ్యం పంపినవాళ్లే. కానీ ఆ మాట విన్న ప్రతిసారీ నాయన ఇంకొంచెం గుంటలోకి దిగేవాడు.

*

అమ్మ నాయనను చెరువుగట్టుకు తీసుకెళ్లింది. నార్కట్‌పల్లి దగ్గర గుట్ట మీద జడల రామలింగేశ్వరస్వామి. అమావాస్య రాత్రి అక్కడ నిద్ర చేస్తే మనసు కుదుటపడుతుందని మా వైపు గట్టి నమ్మకం. నన్నూ వెంట తీసుకెళ్లారు. చీకట్లో గుట్టంతా మనుషులు. బండల మీద దుప్పట్లు పరచుకొని, పక్కన కొబ్బరికాయల సంచి పెట్టుకొని. మా పక్కన ఒక తల్లి, పాతికేళ్ల కొడుకు తలను ఒళ్లో పెట్టుకొని రాత్రంతా విసనకర్రతో విసురుతూనే ఉంది. అక్కడ ఎవరూ ఎవరినీ ‘ఎందుకొచ్చారు’ అని అడగలేదు. ఆ రాత్రి నాయన నాలుగు గంటలు నిద్రపోయాడు.

అమ్మ చేసింది తప్పని నేను ఎప్పుడూ అనను. ఆమెకు తెలిసిన తలుపు అదొక్కటే. ఆ తలుపు తట్టింది. ఇంటికి వచ్చిన మూడో రోజు నుంచి మళ్లీ తెల్లవారుజామున చెప్పుల చప్పుడు మొదలైంది.

*

అదే రోజుల్లో మా వెనక వాడలో ఒక మామ ప్రాణం తీసుకున్నాడు. అంతకుముందు సాయంత్రం మా ఇంటికి వచ్చి, ఎప్పుడో అరువు తీసుకున్న అచ్చును తిరిగి ఇచ్చి, నా తల నిమిరి వెళ్లాడు. అరువు తీర్చడానికి వచ్చాడనుకున్నామే తప్ప ఇంకేమీ అనుకోలేదు. అప్పుల వల్ల అన్నారు ఊళ్లో. అప్పు నిజమే. అయితే ఆ అప్పు మా వాడకట్టులో అందరికీ ఉంది. ఆయనకు నెలల తరబడి నిద్ర లేదని ఆయన భార్య ఒక్కతే చెప్పింది. ఏడుస్తూ చెప్పిన మాట కాబట్టి ఎవరూ దానిని కారణంగా ఎంచలేదు.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో 2022లో మన దేశంలో ఇలా పోయినవాళ్లు 1,70,924 మంది. వాళ్లలో 1,22,724 మంది మగవాళ్లు. నూటికి 72 మంది. ఆ నివేదికలో కుటుంబ సమస్యలు, అనారోగ్యం, అప్పులు అని కారణాలకు వేరువేరు గడులు ఉంటాయి. నెలల తరబడి నిద్ర పట్టలేదని, ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేకపోయాడని రాయడానికి గడి ఉండదు. ఆ అంకెలు చూసినప్పుడల్లా నాకు అచ్చు ఇచ్చి వెళ్లిన మామ చేయి తల మీద తగులుతుంది.

అప్పట్లో ఇంకో భయం కూడా ఉండేది. ప్రయత్నం చేసి బతికినవాడి మీద పోలీసు కేసు అవుతుందని ఆసుపత్రికి కూడా అబద్ధాలు చెప్పి తీసుకెళ్లేవారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ భయాన్ని తీసేసింది. అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే చట్టం భావిస్తుంది. అతన్ని శిక్షించకూడదు. చికిత్స, సంరక్షణ అందించే బాధ్యత ప్రభుత్వానిది. ఈ సంగతి మా ఊళ్లో ఇప్పటికీ చాలామందికి తెలియదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

*

మామ పోయిన కొద్ది రోజులకు పెద్దనాయన పొద్దున్నే వచ్చి, “పడుగు పట్టాలి, రా తమ్మీ” అన్నాడు. నాయన కదల్లేదు. పెద్దనాయన వెళ్లలేదు. చాలాసేపటికి నాయన లేచి కుంచె తీసుకున్నాడు.

సగం వీధి దువ్వాక పెద్దనాయన నన్ను నీళ్లు తెమ్మని పంపాడు. కుండలో నీళ్లు ఉన్నాయి. అయినా వెళ్లాను. వచ్చేసరికి ఇద్దరూ పడుగు మధ్యలో ఆగిపోయి ఉన్నారు. కుంచెలు దారాల మీదే ఉన్నాయి, చేతులు కదలడం లేదు. ఎండ వేపచెట్టు దాటింది. గంజి ఆరిపోతోంది. ఒక్క పోగు తెగితే మా వీపులు మోగించే మనుషులు ఇద్దరూ ఆ పడుగు మొత్తం పెళుసెక్కిపోతుంటే పట్టించుకోకుండా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు. వాళ్లు అలా చూసుకోవడం అదే మొదలు. పెద్దనాయన ఏం చెప్పాడో నాకు వినపడలేదు.

ఆ పడుగును మగ్గానికి ఎక్కించాక తెగిన పోగులకు లెక్కలేదు. అమ్మ అతుకులు వేస్తూ ఒక్క మాట కూడా అనలేదు.

*

వారం తిరక్కుండానే పట్నం ప్రయాణం. నాయనకు దగ్గు ఎక్కువైందని, ఎర్రగడ్డలో ఛాతీ ఆసుపత్రికి వెళ్తున్నామని వాడలో చెప్పారు. దూది నుసి పీల్చే మా వాళ్లకు దగ్గు లేనిదెవరికి? నమ్మారు. పిల్లవాడికి చార్మినార్ చూపిస్తామని నన్నూ ఎక్కించుకున్నారు.

చౌటుప్పల్ నుంచి ఎర్రబస్సు. పెద్దనాయన మా ఇద్దరినీ కిటికీ వైపు కూర్చోబెట్టి తాను చివర కూర్చున్నాడు. హయత్‌నగర్ దాటాక నాయన, “అన్నా, దిగి వెనక్కి పోదాం” అన్నాడు. పెద్దనాయన, “పోదాం. ముందు డాక్టర్‌కు ఒకసారి కనపడి పోదాం” అన్నాడు. గౌలిగూడలో దిగినప్పుడు మళ్లీ అదే మాట, మళ్లీ అదే జవాబు. సిటీ బస్సులో టికెట్లు తీసుకునేటప్పుడు కూడా “ఛాతీ ఆసుపత్రి, మూడు” అనే అన్నాడు. దిగాక మాత్రం ఛాతీ ఆసుపత్రి వైపు నడవలేదు.

నేను గేటు మీది అక్షరాలు చదివి ఆగిపోయాను. అది మానసిక ఆసుపత్రి. ఎర్రగడ్డ అంటే మా బడిలో తిట్టు. కోపమొస్తే ‘నిన్ను ఎర్రగడ్డలో వేయాలి’ అనుకునేవాళ్లం. ఆ వారంలోనే నేను ఒకడిని అలా తిట్టి వచ్చాను. ఇప్పుడు మా నాయన ఆ గేటులోంచి నడుస్తున్నాడు, నా చేయి పట్టుకొని.

పెద్దనాయన ఎవరినీ దారి అడగలేదు. చీటీ రాసే కిటికీ ఎటో ఆయనకు తెలుసు. ఏ వరండాలో కూర్చోవాలో తెలుసు. వరండా పొడుగ్గా ఉంది. దాని అవతల పెద్ద చెట్టు, చెట్టు కింద వరుసగా కూర్చున్న మనుషులు. నేను చెట్టు వైపు చూసి ఆయన వైపు చూశాను.

“ఇదేరా నా భివండి” అన్నాడు పెద్దనాయన.

పడుగు దగ్గర ఆ పొద్దున ఆయన మా నాయనకు చెప్పింది ఇదే. ఇరవై ఏళ్లు భార్యకు కూడా చెప్పకుండా దాచుకున్న సంగతి. ఇరవై రెండేళ్ల వయసులో ఆయనకూ మనాది వచ్చింది. వాళ్ల నాయన రహస్యంగా ఇక్కడ చేర్పించి, ఊళ్లో భివండి అని చెప్పాడు. బాగయ్యాడు, వచ్చాడు, పెళ్లి చేసుకున్నాడు, రంగులు వేశాడు. ఆ రహస్యం బయటపడితే పరువు ఏమవుతుందో ఆయనకు తెలుసు, ఆడపిల్లల సంబంధాలు ఏమవుతాయో తెలుసు. అయినా మా నాయన కోసం దానిని ఖర్చు చేశాడు. నేను ఆయనకు జీవితాంతం రుణపడిన సంగతుల్లో ఇది మొదటిది.

డాక్టర్ నాయనను చాలా అడిగారు. దేనికీ సరిగ్గా జవాబు లేదు. చివరికి, “పొద్దున ఎన్నింటికి మెలకువ వస్తోంది?” అని అడిగారు. “మూడింటికి” అన్నాడు నాయన, వెంటనే. అన్నాక ఆయన గొంతు విరిగిపోయింది. అన్ని నెలల్లో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. నడుము గురించి అడిగారు, అప్పు గురించి అడిగారు, ఎవరైనా ఏమైనా చేశారా అని అడిగారు. నిద్ర గురించి అడగలేదు.

ఇది జబ్బేనని, రక్తపోటుకు మందు ఉన్నట్టే దీనికీ ఉందని డాక్టర్ చెప్పారు. పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని, మొదటి పది రోజుల్లో తేడా కనిపించలేదని మానేయవద్దని రెండుసార్లు చెప్పారు. రెండోసారి పెద్దనాయన వైపు తిరిగి చెప్పారు. పెద్దనాయన తల ఊపాడు.

చార్మినార్ నిజంగానే చూపించారు. పక్కన హోటల్లో నాయన రెండు సమోసాలు తిన్నాడు. పూర్తిగా. పెద్దనాయన ఆ ఖాళీ సాసర్‌ను చూస్తూ కూర్చున్నాడు.

ఎన్నో ఏళ్ల తర్వాత ఆలోచిస్తే నాకు అర్థమైంది ఇదే. ‘డాక్టర్ దగ్గరికి వెళ్లు’ అని నాయనకు అంతకుముందు కూడా ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ‘వెళ్దాం పద’ అన్నవాడు ఒక్కడే. మీ అన్నో, బావో, పక్క సీటులో పనిచేసే మనిషో ఇలా మూగబోయి ఉంటే, దయచేసి ఆ రెండో మాట అనండి. ఒక పూట సెలవు పెట్టండి. టికెట్లు మీరే తీయండి. వెనక్కి పోదామంటే, పోదాం, ఒకసారి కనపడి పోదాం అనండి.

*

మాత్రలకు నాయన నోరు తడారిపోయేది. మగ్గం పక్కన చెంబు పెట్టుకొని గుక్క గుక్కకూ తాగేవాడు. మాత్రల పొట్లం కండెల బుట్టలో, కండెల అడుగున. మూడు వారాలు ఏమీ లేదు. పెద్దనాయన రోజూ చీకటి పడ్డాక వచ్చి, మాత్ర వేసుకునేదాకా కూర్చొని, బీడీ కాల్చుకొని వెళ్లేవాడు. ఐదో వారమో ఆరో వారమో, ఒక పొద్దున నాకు మెలకువ వచ్చేసరికి టక్కు, దబ్బు, టక్కు. మంచం మీదే పడుకొని విన్నాను. పన్నెండో ఎక్కం మొత్తం వరుస తప్పకుండా వచ్చింది. వంటింట్లో అమ్మ కూడా గిన్నెల చప్పుడు ఆపేసింది.

కథ అక్కడితో అయిపోలేదు. బాగైపోయింది కదా అని నాయన మూడు నెలలకే మందు మానేశాడు. చలికాలం వచ్చేసరికి మళ్లీ చెప్పుల చప్పుడు. మళ్లీ ఎర్రగడ్డ. నెమ్మదించిన తర్వాత కూడా ఆరు నెలలకు తగ్గకుండా వాడాలని, ఆపినా డాక్టర్ చెప్పినట్టు కొంచెం కొంచెంగా ఆపాలని అప్పుడు గట్టిగా చెప్పారు. రెండోసారి నాయన ఆ మాట నిలబెట్టుకున్నాడు. తర్వాత ముప్పై ఏళ్లు నేశాడు.

ఇక్కడ అమ్మ సంగతి ఒకటి చెప్పాలి. చీరకు ఆసు పోయడం అమ్మ పని. మేకుల చుట్టూ దారాన్ని వేల సార్లు తిప్పాలి, చేయి ఆడుతూనే ఉండాలి. రాత్రికి భుజం పైకి లేచేది కాదు. మా ఆలేరు ప్రాంతానికే చెందిన చింతకింది మల్లేశం తన తల్లి పడే ఆ నొప్పి చూడలేక, ఏళ్ల తరబడి కష్టపడి, 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఆ యంత్రం మా ఇంటికి వచ్చిన రోజు అమ్మ దానికి బొట్టు పెట్టింది. అప్పుడు నాయన అన్నాడు, “నీ నొప్పి అందరికీ కనపడింది. నాది కనపడాలంటే అన్న తన నొప్పి చూపించాల్సి వచ్చింది.”

*

నేను బడిపంతులునయ్యాను. చాలా ఏళ్లు పాలమూరు జిల్లాలో, నారాయణపేట వైపు పనిచేశాను. సాయంత్రం బొంబాయి బస్సు వచ్చే వేళకు రోడ్డు మీద మూటలు, ప్లాస్టిక్ బిందెలు, పిల్లలు. ఆ బస్సెక్కే మగవాళ్లు దేశంలో కట్టని ఆనకట్ట లేదంటారు. తిరిగి వచ్చినవాళ్లలో కొందరు మా బడి ప్రహరీ గోడ నీడలో గంటల తరబడి కూర్చునేవారు. పలకరిస్తే నవ్వేవారు. నిద్ర కోసం కల్లు కాంపౌండుకు పోయేవారు. మత్తుమందు కలిపిన కల్లుకు అలవాటు పడిన ఒక పిల్లవాడి తండ్రి, అది దొరకని రెండో రోజు చేతులు వణికి, ఫిట్స్ వచ్చి పడిపోతే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లింది నేనే. అతనికి తాగుడు రోగం అన్నారు. దారిలో అతను నాకు చెప్పింది వేరు: “కళ్లు మూసుకుంటే పైనుంచి పడిపోయిన మా తమ్ముడే కనపడతాడు సారూ.” పని చోట పోయిన తమ్ముడు. నాలుగేళ్లుగా ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

ఇంత చూసినవాణ్ని, నా వంతు వచ్చినప్పుడు గుర్తుపట్టలేదు. నాయన పోయిన ఏడాది. బాగానే ఉన్నాననుకున్నాను. పిల్లల మీద అరిచేవాణ్ని, కాగితాలు దిద్దలేకపోయేవాణ్ని, గుండె దగ్గర బరువంటే గ్యాసు అనుకునేవాణ్ని. ఒక రాత్రి పెద్దనాయన ఫోన్ చేశాడు. రెండు మాటలు మాట్లాడానో లేదో, “నీ గొంతు వెలిసిపోయిందిరా” అన్నాడు. రంగులు వేసిన మనిషి. వెలవడమంటే ఏమిటో ఆయనకు తెలిసినట్టు ఎవరికి తెలుసు?

రెండో రోజు సాయంత్రం మా ఇంటి ముందు ఉన్నాడు. ఎనభైకి దగ్గర పడిన మనిషి, ఇమ్లీబన్‌లో బస్సు మారి, చేతిసంచితో. మర్నాడు పొద్దున పాలమూరు ప్రభుత్వ ఆసుపత్రి మానసిక విభాగం ముందు బెంచీ మీద నా పక్కన కూర్చున్నాడు. వరసలో నాకు తెలిసిన ఉపాధ్యాయుడు ఒకరు కనిపించారు. ఇద్దరం తల తిప్పుకున్నాం. కాసేపటికి ఆయనే కొంచెం జరిగి పెద్దనాయనకు చోటిచ్చారు. ఆ రోజు నుంచి మేమిద్దరం స్నేహితులం.

ఆ బెంచీ మీదే పెద్దనాయన నాతో అన్నాడు: “నేను పోయాక మా వాడికి చెప్పు, భివండి సంగతి. తమ్ముడికి చెప్పినంత సులువు కాదురా కొడుకుకు చెప్పడం. అవసరం పడితేనే చెప్పు.”

2022 అక్టోబర్‌లో మనసు బాగోలేనివాళ్లు ఫోన్ చేసి మాట్లాడే ప్రభుత్వ సేవ టెలి మానస్ మొదలయ్యాక మా బడిలో గంట వేలాడదీసిన గోడ మీద 14416 అని పెద్ద అంకెలతో రాయించాను. ఉచితం, ఏ వేళకైనా, తెలుగులోనే మాట్లాడవచ్చు అని కింద రాయించాను. పిల్లల్ని దింపడానికి వచ్చిన తండ్రులు ఎవరూ చూడనప్పుడు దానిని ఫోనులో ఎక్కించుకోవడం నేను స్టాఫ్‌రూము కిటికీలోంచి చాలాసార్లు చూశాను. చూసినట్టు తెలియనివ్వలేదు.

*

పదకొండో రోజు రాత్రి. బంధువులు వెళ్లిపోయారు. ఆ ఇంట్లో మగ్గం గుంట ఎప్పుడో పూడ్చేశారు, పైన గ్రానైటు రాయి వేశారు. పెద్దనాయన కొడుకు హైదరాబాద్‌లో కారు నడుపుతాడు. చాపలు మడత పెడుతూ, “ఛాతీలో బరువుగా ఉంటోంది అన్నా, రెండుసార్లు ఈసీజీ తీయించాను, ఏమీ లేదన్నారు” అన్నాడు, మామూలుగా, నా వైపు చూడకుండా.

పొద్దున దొరికిన చిలప తీసుకొచ్చి, “పట్టుకో, చుట్టేద్దాం, పాడైపోతుంది” అన్నాను. పనికిరాని నూలు అని ఇద్దరికీ తెలుసు. అతను రెండు చేతులూ చాచి పట్టుకున్నాడు. నేను ఉండ చుట్టడం మొదలుపెట్టాను. ఇద్దరి కళ్లూ దారం మీద.

“పొద్దున ఎన్నింటికి మెలకువ వస్తోంది?” అని అడిగాను.

దారం కొంచెం బిగిసింది. “మూడింటికి” అన్నాడు. కాసేపాగి, “నువ్వు బడి గోడ మీద రాయించిన ఆ నంబరుకు ఒకసారి చేశాను. కారు పక్కన ఆపి. వాళ్లు ఎత్తగానే పెట్టేశాను” అన్నాడు.

చాలా చుట్లు తిరిగాయి.

“కాగితాలన్నీ చూశాను అన్నా. నాన్న భివండిలో ఏ మిల్లులో చేశాడో ఎక్కడా లేదు. నీకేమైనా చెప్పాడా?”

చెప్పాను. వరండా, దీపం, చెట్టు, పడుగు దగ్గర ఆరిపోయిన గంజి, మా నాయన, పాలమూరు బెంచీ, నేను. చెబుతున్నంతసేపూ అతను తల ఎత్తలేదు. చిలప అయిపోయింది. ఖాళీ చేతులు రెండూ అలా చాచి ఉంచాడు. నూనె వాసన ఇద్దరి వేళ్లకూ అంటుకుంది.

“పొద్దున మొదటి బస్సు ఎన్నింటికి?” అన్నాడు.